షూరిటీ సంతకం అడుగుతున్నారు, వాక్యంలో జవాబు ఎలా వెతుక్కోవాలి?

పల్నాడు_టీచర్:

అందరికీ వందనాలు. నేను పల్నాడులో ఒక మండలంలో ఎస్‌జీటీగా, అంటే ప్రైమరీ స్కూల్ టీచర్‌గా చేస్తున్నాను. చాలా రోజులుగా మనసులో ఉన్న ప్రశ్న, ఇప్పుడు ఇంట్లో ఒక విషయం వచ్చి పడేసరికి ఇంక అడగకుండా ఉండలేకపోతున్నా.

పొద్దున్నే లేచి పొయ్యి దగ్గరికి వెళ్లకముందే బైబిల్ చదువుకోవడం నాకు పెళ్లికి ముందు నుంచీ అలవాటు. ఈ మధ్య ఫోన్‌లో సంవత్సరం ప్లాన్ పెట్టుకుని చదువుతున్నా, రోజుకి మూడు నాలుగు అధ్యాయాలు వస్తాయి, చదివి టిక్ పెట్టేస్తాను, తర్వాత బాక్సులు సర్దడం, పిల్లల్ని తయారు చేయడం, బస్సు. స్కూల్‌కి వెళ్లేసరికి పొద్దున ఏం చదివానో అడిగితే చెప్పలేను. పోనీ అవసరం వచ్చినప్పుడైనా ఆ చదివింది గుర్తొచ్చి దారి చూపిస్తుందా అంటే, అదీ జరగట్లేదు.

ఇప్పుడు విషయం ఏంటంటే మా ఆడపడుచు వాళ్లాయన, నేను అన్నయ్య అనే పిలుస్తాను, 10 లక్షల చిట్టీ పాడుకున్నారు. డబ్బు చేతికి రావాలంటే షూరిటీలు పెట్టాలంట, గవర్నమెంట్ ఉద్యోగులైతే తొందరగా అయిపోతుందని నా శాలరీ సర్టిఫికెట్, సంతకం అడిగారు. మనిషి చెడ్డవాడు కాదు. మా బాబు పుట్టినప్పుడు రాత్రిపూట ఆటో మాట్లాడుకుని నన్ను హాస్పిటల్‌కి తీసుకెళ్లింది ఆయనే. కానీ వ్యాపారం సరిగా నడవట్లేదని అందరికీ తెలుసు. మా ఆయన "నీ ఉద్యోగం, నీ ఇష్టం" అంటున్నారు. అత్తగారు ఏమీ అనట్లేదు కానీ రెండు రోజుల నుంచి నాతో సరిగా మాట్లాడట్లేదు.

ప్రార్థన చేసుకుని కళ్లు మూసుకుని బైబిల్ తెరిస్తే దినవృత్తాంతాల్లో వంశావళి వచ్చింది. చర్చిలో ఒక సిస్టర్‌ని అడిగితే "నీకు కొత్త సంవత్సరం ఆరాధనలో ఏ వాగ్దానం కార్డు వచ్చింది, అదే నీకు జవాబు" అన్నారు. అది ఆ రోజు ఒక్కొక్కరికి ఒక్కో బైబిల్ వచనం రాసి ఇచ్చే కార్డు. నాకు వచ్చింది యిర్మీయా 29:11, దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవేగాని హానికరమైనవి కావు అని. దాన్నిబట్టి సంతకం పెట్టాలో వద్దో నాకు అర్థం కాలేదు.

చివరికి ప్లాన్ పక్కన పెట్టి ఏ తారీఖు అయితే ఆ అధ్యాయం చొప్పున సామెతలు మొదలుపెట్టాను. 3వ తారీఖున "మేలుచేయుట నీ చేతనైనప్పుడు దాని పొందదగినవారికి చేయకుండ వెనుకతియ్యకుము" అని వచ్చింది, అయితే పెట్టేయమనే కదా అనుకున్నా. 6వ తారీఖున చూస్తే స్నేహితుడి కోసం పూటపడితే నీ మాటలకి నువ్వే చిక్కుకున్నావు, నిద్ర కూడా పోకుండా వెళ్లి తప్పించుకో అని ఉంది. పూటపడటం అంటే ఈ షూరిటీయే. ఒకే పుస్తకంలో మూడు అధ్యాయాల తేడాలో రెండు రకాలుగా ఉంటే నాలాంటివాళ్లు దేన్ని పట్టుకోవాలి? దయచేసి పెద్దవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. సంతకం సంగతి ఒక్కటే కాదు, రోజూ చదివేది రోజూ బతికే బతుకులోకి ఎలా తెచ్చుకోవాలో చెప్పండి.

---

రిటైర్డ్_హెచ్ఎం_ఏలూరు:

అమ్మా, వందనాలు. నేను ముప్పై ఏళ్లకి పైగా హైస్కూల్‌లో పనిచేసి రిటైరైనవాడిని, సండే స్కూల్లో ఇప్పటికీ చెప్తున్నాను. మీరు 3వ అధ్యాయాన్నీ 6వ అధ్యాయాన్నీ పక్కపక్కన పెట్టి ఇవి రెండూ ఎలా కుదురుతాయి అని అడిగారు చూడండి, సామెతల గ్రంథం చదివే పద్ధతే అది. మీరు దారి తప్పలేదు, సరిగ్గా దారి మీదే ఉన్నారు.

ఆ పుస్తకం ఆజ్ఞల పట్టిక కాదమ్మా. 26వ అధ్యాయం 4, 5 వచనాలు తీసి చూడండి. 4లో మూర్ఖుడికి వాడి మూఢతచొప్పున జవాబివ్వకు, ఇస్తే నువ్వూ వాడిలా అయిపోతావు అని ఉంటుంది. వెంటనే 5లో ఇవ్వు, ఇవ్వకపోతే వాడు తనకి తానే జ్ఞాని అనుకుంటాడు అని ఉంటుంది. ఆ రెండూ వెంట వెంటనే ఉన్నాయంటే కూర్చినవాళ్లకి తెలియక కాదు కదా. ఎదురుగా ఉన్న మనిషెవరు, సమయం ఏంటి అని చూసుకుని ఇప్పుడు ఏది వర్తిస్తుందో నువ్వు తేల్చుకో అంటోంది వాక్యం. ఆ తేల్చుకోవడం నేర్పడానికే ఆ పుస్తకం ఉంది.

ఇప్పుడు మీ రెండు వచనాలకి వద్దాం. 3:27 లో షరతు ఉంది, "నీ చేతనైనప్పుడు". దాని కింది వచనం ఇంకా స్పష్టంగా ఉంటుంది, ద్రవ్యం నీ దగ్గర ఉండగా రేపు ఇస్తాను పోయి రా అని పొరుగువాడితో అనొద్దు అని. అంటే చేతిలో ఉన్నదాని గురించి మాట్లాడుతోంది. పూటపడటం గురించి చెప్పే 22:27 చూడండి, "చెల్లించుటకు నీయొద్ద ఏమియు లేకపోగా వాడు నీ క్రిందనుండి నీ పరుపు తీసికొనిపోనేల?" అని అడుగుతుంది. వాడు అంటే అప్పిచ్చినవాడు. అది చేతిలో లేనిదాన్ని మాట ఇచ్చేయడం గురించి. ఉన్నది ఇవ్వడానికి వెనకాడొద్దు, లేనిది ఇస్తానని చెయ్యి వేయొద్దు. నా మటుకు నాకు ఈ రెండిటికీ గొడవ ఏమీ కనపడదు, ఒకే బుద్ధికి రెండు వైపులు అవి.

కాబట్టి మీరు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న అన్నయ్య మంచివాడా కాదా అని కాదు. ఆయన ఆపేస్తే ఆ మొత్తం నా దగ్గర ఉందా అన్నది. ఆ మొత్తం ఎంతో ముందు కనుక్కోండి, నాకు చిట్టీల సంగతి అంతగా తెలియదు, తెలిసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే చెప్తారు.

---

కలెక్షన్_సెక్షన్:

మేడమ్, నేను ఒక చిట్ ఫండ్ కంపెనీ బ్రాంచిలో రికవరీ చూసేవాడిని, ఇప్పుడు వేరే ఉద్యోగం. నాకు బైబిల్ అంతగా తెలియదు కానీ మాస్టారు అడిగిన లెక్క నేను చెప్పగలను.

10 లక్షల చిట్టీ అంటే ఉదాహరణకి 50 నెలలది అనుకోండి, నెలకి 20,000. ఆయన 12వ నెలలో పాడుకుంటే ఇంకా 38 నెలలు కట్టాలి. 38 ఇంటూ 20,000 అంటే 7,60,000. పాటలో తగ్గించిన దాంట్లో వాటా, అంటే డివిడెండ్, వస్తుంది కాబట్టి నెలనెలా కట్టేది కొంచెం తగ్గుతుంది, కానీ షూరిటీ పెట్టేవాళ్లు పెద్ద అంకె మనసులో పెట్టుకోవడమే మంచిది. చాలామంది మా దగ్గరికి వచ్చి "ఏదో సాక్షి సంతకం అనుకున్నామండీ" అనేవాళ్లు. సాక్షి సంతకం కాదు. కాంట్రాక్ట్ యాక్ట్ 1872 లో సెక్షన్ 128 ప్రకారం, అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే తప్ప, బాకీదారుడికి ఎంత బాధ్యత ఉందో షూరిటీకీ అంతే ఉంటుంది. ముందు ఆయన మీదకి పూర్తిగా వెళ్లి, అక్కడ రాకపోతేనే మీ దగ్గరికి రావాలి అనే రూలేమీ లేదు. గవర్నమెంట్ టీచర్లనే ఎందుకు అడుగుతారంటే జీతం ఎక్కడికీ పోదు కాబట్టి. కోర్టు డిక్రీ వస్తే జీతంలో మొదటి 1,000, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు వదిలేసి తక్కిన భాగం అటాచ్ చేయడానికి, అంటే బాకీ కింద పట్టుకోవడానికి, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 లో వీలుంది. మీరు కట్టాక ఆయన దగ్గర వసూలు చేసుకునే హక్కు మీకు చట్టంలో ఉంది, కానీ ఆడపడుచు భర్త మీద కేసు వేస్తారా మీరు?

ఇంకో మాట. షూరిటీలు ఎంతమంది అని కూడా అడగండి. ముగ్గురు పెట్టారు కదా, నా వాటా మూడో వంతే అనుకుంటారు. కంపెనీ మొత్తం బాకీ ముగ్గురిలో ఎవరి దగ్గరైనా అడగొచ్చు. ఎవరి జీతం తేలిగ్గా దొరుకుతుందో వాళ్ల దగ్గరికే ముందు పోతారు, నేనూ అలాగే పోయేవాడిని, ఆ ఉద్యోగమే అంత.

భయపెట్టడానికి చెప్పట్లేదు మేడమ్. చిట్టీ పాడుకున్న ప్రతివాళ్లూ ఎగ్గొట్టరు, సక్రమంగా కట్టేవాళ్లు చాలామందే ఉంటారు. అంకె తెలిసి పెట్టే సంతకం వేరు, తెలియక పెట్టేది వేరు.

---

యూత్_లీడర్_ఖమ్మం:

అక్కా, ప్రైజ్ ది లార్డ్. మాస్టారు చెప్పింది బాగుంది కానీ నాకు ఒక్క దగ్గర ఒప్పుకోబుద్ధి కావట్లేదు. సామెతలు చూసి "బైబిల్ షూరిటీ వద్దంది" అని చాలామంది మొహం మీదే చెప్పేస్తరు, అట్ల చెప్పి సొంత తమ్ముడికి కూడా సాయం చేయకుండా తప్పించుకున్నోళ్లని నేను చూసిన. వాక్యం అడ్డం పెట్టుకుని చెయ్యి ముడుచుకునుడు నాకు చాలా బాధ అనిపిస్తది.

బైబిల్‌లోనే పూటపడ్డోళ్లు ఉన్నరు కదా. ఆదికాండం 43 తియ్యండి. కరువు వచ్చింది, ఐగుప్తుకి మళ్లీ పోవాలె, బెన్యామీనుని తీస్కపోకుంటే ధాన్యం దొరకదు, తండ్రి యాకోబు పంపనంటడు. అప్పుడు యూదా ముందుకొచ్చి తమ్ముడికి నేను పూట, నన్నే అడుగు అంటడు. మాట అనుడే కాదు, 44వ అధ్యాయంలో బెన్యామీను గోనెలో ఐగుప్తు అధికారి గిన్నె దొరికి దొంగ అని పట్టుకున్నప్పుడు వీడి బదులు నేను దాసుడిగా ఉంటా, వీన్ని పంపెయ్యండి అని నిజంగనే నిలబడ్డడు. ఒకప్పుడు ఇంకో తమ్ముడు యోసేపుని అమ్మేద్దామన్నది ఇదే యూదా. అట్లాంటోడు తమ్ముడి కోసం పూటపడే మనిషి అయ్యిండు, ఆ కథలో నాకు కన్నీళ్లు తెప్పించేది అదే.

ఇంకా ఫిలేమోను పత్రిక చూడండి, ఒక్కటే అధ్యాయం, 25 వచనాలు. నీ దాసుడు ఒనేసిము నీకు ఏమన్నా బాకీ ఉంటే నా లెక్కలో వేసుకో, నేనే తీరుస్తా అని పౌలు తన చేత్తో రాసిచ్చిండు. హెబ్రీ 7:22 లో అయితే యేసుప్రభువునే మన నిబంధనకి పూటకాపు అన్నది. మరి పూటపడుడే తప్పయితే ఇవన్నీ ఏంది?

నాకు అర్థమైంది ఏందంటే అక్కా, వీళ్లు ముగ్గురూ నేనే కట్టాల్సి వస్తది అని తెలిసి, కట్టడానికి సిద్ధపడి నిలబడ్డరు. సామెతలు తిట్టేది అది కాదు, మొహమాటానికి చెయ్యి కలిపి ఆ తర్వాత ఏడ్చేటోన్ని. మీరు అన్నయ్య కోసం 7 లక్షలు పోయినా సరే అని ప్రేమతో అనుకుంటే అది పాపం కాదు, దేవుడు దాన్ని చూస్తడు. అట్ల అనుకోలేకపోతే పెట్టకండి. అత్తమ్మ మాట్లాడతలేదని మాత్రం పెట్టకండి, అది ప్రేమ కాదు, భయం.

---

రిటైర్డ్_హెచ్ఎం_ఏలూరు:

బాబూ, యూదా సంగతి నువ్వు ఎత్తినందుకు సంతోషం, నేను దాన్ని వదిలేశాను, నువ్వు చెప్పాకే నా మాట పూర్తయింది. అయితే పౌలు ఒంటరివాడు. ఈ అమ్మాయికి పిల్లలున్నారు. తన పరుపు తీసుకుపోతే పిల్లల పరుపు కూడా పోతుంది, ఆ మాట కూడా లెక్కలో ఉండాలి. భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒప్పుకోకుండా "నీ ఇష్టం" దగ్గర వదిలేయడం సరికాదు. సామెతలు 15:22 ఏమంటుంది, ఆలోచన చెప్పేవాళ్లు లేనిచోట ఉద్దేశాలు వ్యర్థమవుతాయి అనే కదా.

---

పల్నాడు_టీచర్:

మాస్టారూ, తమ్ముడూ, అందరికీ చాలా థ్యాంక్స్. 7,60,000 అంకె చూసి రాత్రి మా ఆయనకి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అక్కకి నేను చెప్తాలే" అన్నారు. ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. మా పీఎఫ్ డబ్బులు కొన్ని ఉన్నాయి, వాటిలోంచి మాకు చేతనైనంత తిరిగి అడగకుండా ఇద్దామా అని ఒక ఆలోచన వచ్చింది, ఆదివారం ఆయన మళ్లీ మాట్లాడదామన్నారు.

కానీ ఇంకో సందేహం మిగిలింది. వాగ్దానం కార్డు సంగతి. నేను దాన్ని ప్రతి సంవత్సరం దాచుకుంటాను, పాతవి కూడా బైబిల్‌లోనే ఉన్నాయి. అలా నమ్మడం తప్పా? ఎవరినీ నొప్పించాలని కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా.

---

కువైట్_నుంచి:

సిస్టర్ వందనాలు. మాది కోనసీమ, నేను ఇక్కడ కువైట్‌లో ఇంటి పని చేస్తున్నాను. యిర్మీయా 29:11 అన్నారు కదా, ఆ అధ్యాయం నాకు ప్రాణం, అందుకే రాస్తున్నాను, నా టైపింగ్‌లో తప్పులుంటే క్షమించండి.

నేను కూడా ఆ వచనం కార్డు మీద చూసే ఇక్కడికి వచ్చాను. సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు అని ఉంది కదా, అంటే తొందరగా అంతా బాగైపోతుంది అనుకున్నాను. ఇక్కడ శుక్రవారం కూడికలో ఒక అన్నయ్య ఆ అధ్యాయం మొత్తం మొదటి నుంచి చదివించారు. అది యిర్మీయా రాసిన ఉత్తరం అంట, యెరూషలేము నుంచి బబులోనుకి చెరగా తీసుకెళ్లినవాళ్లకి. 10వ వచనంలో 70 సంవత్సరాలు గడిచాక మిమ్మల్ని తీసుకొస్తాను అని ఉంది. 70 సంవత్సరాలు సిస్టర్! ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లు చాలామంది ఇంటికి వెళ్లే రోజు చూసి ఉండరు. వాళ్లకి దేవుడు ఏం చెప్పాడు అంటే 5వ వచనంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, వాటి పండ్లు తినండి అని, 7లో మీరు ఉన్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని. పరాయి దేశం కోసం, తీసుకెళ్లినవాళ్ల ఊరి కోసం.

ఆ రోజు నుంచి నేను పనిచేసే ఇంటి మేడమ్ కోసం, వాళ్ల పిల్లల కోసం పేరు పెట్టి ప్రార్థన చేయడం మొదలుపెట్టాను. ముందు ఎప్పుడూ చేయలేదు, నా సెలవు, నా జీతం, నా పిల్లల కోసమే అడిగేదాన్ని. మేడమ్ మారిందా అని అడిగితే పెద్దగా ఏమీ లేదు. నాకు మాత్రం పొద్దున లేస్తే ఆ ఇంట్లో పని మీద ఉన్న కోపం తగ్గింది. ఇది నేను కార్డు మీద చూసి ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు, కార్డు మీద 11 ఒక్కటే ఉంటుంది, 5, 7, 10 ఉండవు.

కార్డు దాచుకోవడం తప్పని నేను అనను సిస్టర్, నాది కూడా నా పర్సులోనే ఉంది. కానీ కార్డు వచ్చాక ఆ అధ్యాయం తీసి ఎవరు ఎవరికి చెప్పారు, ఏ సమయంలో చెప్పారు అని చదవండి. అప్పుడు అది మీ సంతకం గురించి కాదు అని మీకే తెలుస్తుంది, కానీ ఇంకో దాని గురించి మీకు గట్టిగా మాట్లాడుతుంది.

చదివింది గుర్తుండట్లేదు అన్నారు కదా, మా అమ్మకి చదువు రాదు. ఆదివారం అయ్యగారు చదివిన దాంట్లో ఒక్క వాక్యం పట్టుకుని ఇంటికి వచ్చి వరి కోతల్లో, కలుపు తీసేటప్పుడు పైకి అంటూనే ఉండేది. కీర్తనలు చాలా నోటికొచ్చు. నేను ఇక్కడ ఇస్త్రీ చేసేటప్పుడు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆడియో బైబిల్ వింటాను, అదే అధ్యాయం వారం అంతా. నాలుగో రోజుకి ముందు వినపడని మాట వినపడుతుంది.

---

గీత_చదివేవాణ్ణి_నిజామాబాద్:

నేను క్రైస్తవుణ్ణి కాదు, ఇక్కడ రాయొచ్చో లేదో అనుకుంటూనే రాస్తున్న. మా ఇంట్లో నాయన రోజూ పొద్దుగాల గీత పారాయణం చేస్తడు, గోరఖ్‌పూర్ గీతా ప్రెస్ వాళ్ల తెలుగు తాత్పర్యం పుస్తకం, అట్టలు ఊడిపోయినా అదే కావాలంటడు. మేడం గారి ప్రశ్న మొత్తం చదివిన, నాకు అర్జునుడు గుర్తొచ్చిండు.

2వ అధ్యాయం 7వ శ్లోకంల అర్జునుడు అడిగేది మీరు అడిగిందే. నాకు ఏం తోస్తలేదు, ఏది శ్రేయస్సో నిశ్చయంగా చెప్పు, నేను నీ శిష్యుణ్ణి అంటడు. ఒక్క ముక్కల చెప్పమన్నడు. కృష్ణుడు 18వ అధ్యాయం దాకా చెప్పిండు. అంత చెప్పినంక 18:63 ల ఏమంటడు? "విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు". ఇదంతా పూర్తిగా ఆలోచించుకో, ఆ తర్వాత నీకు ఎట్ల అనిపిస్తే అట్ల చెయ్యి. సాక్షాత్తు భగవంతుడే ఎదురుగా రథం మీద కూర్చున్నప్పుడు కూడా ఆలోచించే పని అర్జునుడికే వదిలిండు. దాని తర్వాత 66ల నన్నే శరణు పొందు అని కూడా అన్నడు, అది మర్చిపోవద్దు, కానీ ముందు ఆలోచించుకోమన్నడు.

మా నాయన 700 శ్లోకాలు చదువుతడు కానీ ఏ పని ముందర పడ్డా పుస్తకం తెరిచి శకునం చూడడు. ఒకసారి పొలం గట్టు పంచాయితీ వచ్చింది మా బాబాయితోని. నాయన ఆ వారం రోజులు 16వ అధ్యాయమే చదివిండు, దైవాసుర సంపద్విభాగం, అందుల దైవగుణాల్ల అక్రోధం ఉంటది, ఆసుర గుణాల్ల దంభం, దర్పం, క్రోధం ఉంటయి. వారం అయినంక పంచాయితీకి పోయి కూర్చున్నడు, ఒక్క మాట గట్టిగా అనలే. గట్టు సంగతి ఊరోళ్లు కొలిచి తేల్చిన్రు. బాబాయి ఇప్పటికీ మా ఇంటికొస్తడు. గట్టు ఎటు జరగాలె అనేది ఆ అధ్యాయంల లేదు మేడం, ఆయన ఏ మనసుతోని పోవాలె అనేది ఉన్నది.

---

రిటైర్డ్_హెచ్ఎం_ఏలూరు:

నిజామాబాద్ బాబూ, ఇక్కడ రాయొచ్చా అని అనుమానం అక్కర్లేదు, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. కువైట్ అమ్మా, నీ ఉత్తరం మా సండే స్కూల్ పెద్ద పిల్లలకి చదివి వినిపిస్తాను, ఎవరు రాశారో చెప్పను.

టీచరమ్మా, మీరు అడిగిన రెండో సగం మిగిలిపోయింది, రోజూ ఎలా చదవాలి అని. నాకు తెలిసింది రాస్తాను, సరిపోయింది తీసుకోండి.

ఏ తారీఖుకి ఆ అధ్యాయం పద్ధతి మంచిదే, 31 అధ్యాయాలు కాబట్టి నెలకి సరిపోతాయి. కానీ పుస్తకం అంతా ఒకేలా లేదని గుర్తుపెట్టుకోండి. 1 నుంచి 9 వరకు తండ్రి కొడుక్కి చెప్తున్నట్టు సాగే పెద్ద మాటలు, అవి అధ్యాయం మొత్తం ఒక్క బిగిన చదవాలి. 10వ అధ్యాయం నుంచి 22 మధ్య దాకా సొలొమోను సామెతలు, ఒక్కో వచనం దేనికది విడిగా ఉంటుంది. అక్కడ ముప్పై వచనాలు గబగబా చదివేస్తే ఒక్కటీ నిలవదు, మీకు పొద్దున చదివింది బస్సెక్కేసరికి పోయేది ఇందుకే. ఆ అధ్యాయాల్లో ఒక్కటి ఏరుకోండి. చీటీ మీద రాసుకుని హాజరు పట్టీలో పెట్టుకోండి, నేను అలాగే చేసేవాణ్ణి. "సంగతి వినకముందు ప్రత్యుత్తరమిచ్చువాడు తన మూఢతను బయలుపరచి సిగ్గునొందును" అని 18:13. ఇద్దరు పిల్లలు కొట్టుకుని ఏడుస్తూ వచ్చినప్పుడు బెత్తం తీసుకునే ముందు ఆ చీటీ కనపడాలి. అదే అధ్యాయం 17వ వచనం, మొదట వచ్చి చెప్పినవాడిది న్యాయంగానే కనపడుతుంది, రెండోవాడు వచ్చాక అసలు సంగతి తెలుస్తుంది అని. స్టాఫ్ రూమ్‌లో సగం గొడవలకి ఆ ఒక్క వచనం చాలు. ఇవి ఏ ఆత్మీయ అనుభవం కోసమో రాసినవి కావు, తరగతి గదికీ వంటింటికీ సంతకీ రాసినవి.

రెండోది, సామెతలు ఒక్కటే చదివి ఆగొద్దు. సామెతలు వింటే మంచివాడికి మంచే జరుగుతుంది, కష్టపడేవాడు బాగుపడతాడు అనిపిస్తుంది. చాలావరకు నిజమే. కానీ యోబు దగ్గరికి వచ్చిన ఎలీఫజు, బిల్దదు, జోఫరు కూడా అలాంటి మాటలే చెప్పారు, విడిగా చూస్తే వాటిలో చాలా మాటలు బాగానే ఉంటాయి, పిల్లలు పోయి బూడిదలో కూర్చున్నవాడికి చెప్పడమే వాళ్ల తప్పు. చివర్లో యెహోవా ఎలీఫజుతో నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా నా కోపం మండుతోంది అంటాడు. మీ అన్నయ్య వ్యాపారం దెబ్బతిన్న మనిషి అమ్మా. ఆయన ఎదురుగా కూర్చుని సామెతలు 6 చదివి వినిపించకండి. అది మీకోసం చదువుకోవాల్సిన అధ్యాయం. ఆయనతో మాట్లాడటానికి 15:1 తీసుకెళ్లండి, "మృదువైన మాట క్రోధమును చల్లార్చును". పెట్టలేము అని చెప్పాల్సి వస్తే మీ ఆయన్ని ఒక్కడినే పంపకుండా ఇద్దరూ వెళ్లండి, ఫోన్‌లో చెప్పొద్దు, బాబు పుట్టిన రాత్రి ఆయన చేసిన సాయం మీరు మర్చిపోలేదని ముందు చెప్పండి. చేతనైనంత ఇద్దామన్న ఆలోచన నాకు చాలా నచ్చింది, 3:28 అదే కదా, దగ్గర ఉంచుకుని రేపు రమ్మనకు అని. ఇచ్చేది అప్పు అని చెప్పకండి, ఇచ్చేశామనే చెప్పండి, లేకపోతే పండక్కి కలిసినప్పుడల్లా ఆ డబ్బే మీ మధ్య కూర్చుంటుంది.

మూడోది, ఆడవాళ్లు డబ్బు విషయాల్లో తలదూర్చకూడదు అని ఎవరైనా అంటే 31వ అధ్యాయం తీయండి. లెమూయేలు రాజుకి వాళ్లమ్మ చెప్పిన మాటలతో మొదలవుతుంది ఆ అధ్యాయం. అందులో గుణవతియైన భార్య పొలం చూసి తీసుకుంటుంది, తాను సంపాదించిన దానితో ద్రాక్షతోట నాటిస్తుంది. మీ జీతం మీద మీరు ఆలోచించి నిర్ణయం తీసుకోవడం అవిధేయత కాదు.

సామెతలు ఒక నెల అయ్యాక యాకోబు పత్రికకి వెళ్లండి. ఐదు అధ్యాయాలే, ఆదివారం మధ్యాహ్నం ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది. 1:5 లో జ్ఞానం కొదువగా ఉన్నవాడు దేవుణ్ణి అడగాలి, ఆయన ఎవరినీ గద్దించకుండా ధారాళంగా ఇస్తాడు అని ఉంటుంది, ఆ గద్దించకుండా అన్న మాట మీలాంటి మనిషి చదువుకోవాలి, ఎందుకంటే మీరు రాసిందంతా చూస్తే అడగడానికే భయపడుతున్నట్టుంది. తర్వాత ప్రసంగి. తర్వాత యోబు, అది మాత్రం నెమ్మదిగా, 3 నుంచి 31 దాకా వాదన కాబట్టి ఎవరు మాట్లాడుతున్నారో పక్కన పెన్సిల్‌తో రాసుకుంటూ వెళ్లండి, లేకపోతే బిల్దదు మాట తీసుకెళ్లి వాగ్దానం అనుకుంటాం. సంవత్సరం ప్లాన్ మళ్లీ జనవరిలో మొదలుపెట్టుకోవచ్చు, తొందరేం లేదు.

మీ ఆయన చదివే అలవాటు ఉన్నవాడైతే రాత్రి భోజనాలయ్యాక పిల్లలతో కూర్చుని ఆ రోజు చీటీ మీద రాసుకున్న ఒక్క వచనం చదివి, ఈరోజు ఇది ఎక్కడ పనికొచ్చింది అని అడగండి. పిల్లలు ముందు ఏమీ చెప్పరు, బలవంతం చేయకండి, మీరే చెప్పండి.

---

పల్నాడు_టీచర్:

మాస్టారూ, హాజరు పట్టీలో చీటీ రేపటి నుంచే మొదలుపెడతాను, 18:13 తోనే. మా ఐదో తరగతిలో ఇద్దరు ఉన్నారు, రోజూ పంచాయితీయే. కువైట్ సిస్టర్, మీ పేరు తెలియదు కానీ మీకోసం ప్రార్థన చేస్తాను, మీరు పనిచేసే ఇంటి కోసం కూడా. నిజామాబాద్ అన్నా, 16వ అధ్యాయం తెలుగు తాత్పర్యం ఎక్కడైనా దొరికితే చదవాలని ఉంది, మా స్కూల్ తెలుగు మాస్టారు దగ్గర ఉందంట, అడుగుతాను.

---

కలెక్షన్_సెక్షన్:

మేడమ్, ఒక్కటి మర్చిపోయాను. ఒకవేళ అన్నీ ఆలోచించి సంతకమే పెడదామనుకుంటే ఖాళీ ఫారాల మీద పెట్టకండి. చిట్టీ గ్రూపు నంబరు, విలువ, ఇంకా ఎన్ని నెలలు ఉంది అన్నీ నింపాకే పెట్టి, ప్రతి కాగితం జిరాక్స్ తీసుకుని ఇంట్లో పెట్టుకోండి. ఖాళీ చెక్కు అడిగితే ఇవ్వొద్దు. ఆయన నెలనెలా కడుతున్నారో లేదో బ్రాంచికి వెళ్లి అడిగి తెలుసుకుంటూ ఉండండి, షూరిటీ అడిగితే లెడ్జర్ చూసి చెప్పేవాళ్లం మేము.

ఆ 22:27 వచనం, పరుపు సంగతి, నేను పేపర్ మీద రాసుకున్నాను. ఆ పుస్తకం ఒకటి విడిగా దొరుకుతుందా, లేక మొత్తం బైబిల్ కొనాలా?

---

రిటైర్డ్_హెచ్ఎం_ఏలూరు:

కొత్త నిబంధనతో కీర్తనలు, సామెతలు కలిపి చిన్న సైజులో వేసిన పుస్తకాలు ఉంటాయి బాబూ, జేబులో పడతాయి. బైబిల్ సొసైటీ వాళ్ల షాపులో అడుగు, లేదా మీ ఊళ్లో ఏ చర్చిలో అడిగినా ఇస్తారు. 10వ అధ్యాయం నుంచి మొదలుపెట్టు, లెక్కలు చూసినవాడివి కదా, 11:1 నీకు నచ్చుతుంది, దొంగ త్రాసు గురించి.